సగం దారి వరకే

ఇంకా రాలేదు. పొడుగు ముక్కుల ముసుగుల వాళ్ళు గంతులు వేసుకుంటూ వెళ్ళిపోయారు, ఎద్దుతలలు తగిలించుకున్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కుమ్ముకుంటూ వెళ్ళిపోయారు, చావు వేషం కట్టినవాడు ఎముకలు గీసిన నల్లబట్టల్లో ఆడపిల్లలకు ముద్దులు విసురుతూ వెళ్ళిపోయాడు, కుంబియా నాట్య బృందాలు మాత్రం ఇంకా రాలేదు. బరాంకీయా ఊరి మీదికి మాగ్దలేనా నది నుంచి వచ్చే గాలి ఒక్క విసురు విసిరి ఆగిపోతోంది. దారి పక్కన కట్టిన ఇనుప కమ్మీ మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది, అయినా డాక్టర్ నెరెయిదా కాంతీయో దాన్ని వదలడం లేదు. చేతికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. ఆపరేషన్ థియేటర్లో అయితే సూది ఉంటుంది, తీగ ఉంటుంది, ఇక్కడేముంది? పాత పిండిమిల్లు గోడ ఉంది. సరిగ్గా కార్నివాల్ ఊరేగింపుకు సగం దారి. ఇక్కడిదాకా ఆడి తన పేషంటు అరేలిస్ పక్కకు తప్పుకోవాలి, గోడ పక్క సందులో ఆమె మరిది కారు పెట్టుకుని కాచుకుని ఉన్నాడు, అదీ ఒప్పందం. "సగం దారి వరకే డాక్టరమ్మా, నా డోలు మీద ఒట్టు" అన్నాడు అరేలిస్ మొగుడు ఫెర్మిన్. బృందంలో పెద్ద డోలు అతనిదే. ఒట్టు వేసేటప్పుడు అతని నోరు గంభీరంగానే ఉంది గానీ కళ్ళు నవ్వుతున్నాయి. అప్పుడే గట్టిగా అడగాల్సింది, ఎందుకు నవ్వుతున్నావని.

"కూచోవే తల్లీ, నువ్వు నిలబడినంత మాత్రాన వాళ్ళు తొందరగా వస్తారా?" అంది వెనక ప్లాస్టిక్ కుర్చీలోంచి ఒబ్దూలియా పిన్ని. ఒళ్ళో అరిటాకు పొట్లం, అందులో మాంసపు ఉండలు, వాటిమీద నిమ్మరసం పిండుకుంటూ, మోచేతుల దాకా కారించుకుంటూ. ఎనభై దాటిన మనిషి, పొద్దున్నే తనకంటే ముందు తయారై గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడింది. "నువ్వు తిను పిన్నీ, నాకు ఆకలి లేదు." "ఆకలి లేకపోవడమేమిటే, కార్నివాల్ పూట? పేషంటు నువ్వా, ఆ పిల్లా?" పక్కవాళ్ళు నవ్వారు. ఎవరో గుప్పెడు మొక్కజొన్న పిండి తెచ్చి నెరెయిదా చెంపలకు రాసి పారిపోయారు. ముక్కులోకి పోయిన పిండికి తుమ్మొచ్చింది. ఈ ఊళ్ళో ఈ నాలుగు రోజులూ పిండి పడని మొహం ఉండదు. మేయరైనా, చర్చి పెద్దయినా, నొప్పి డాక్టరైనా ఒకటే.

కళ్ళు మాత్రం దారిలో పోయే మనుషుల్ని మనుషుల్లా చూడటం ఎప్పుడో మానేశాయి. అదిగో ఆ ముసుగువాడు ఎగిరి దూకుతున్నాడు, వాడి నడుం దగ్గర చివరి రెండు వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ నలిగి మళ్ళీ ఉబ్బుతోంది. ఆ లావుపాటావిడ తలమీద పళ్ళబుట్టతో వంగి లేస్తోంది, మెడ జాగ్రత్తమ్మా. ఊరంతా ఎక్స్‌రే ఫిల్మే తనకు. అరేలిస్‌ది అయితే కళ్ళు మూసుకున్నా కనబడుతుంది. వీపు మధ్యలో, వెన్నుపాము వెనకనున్న ఇరుకు ఖాళీలో, సేమ్యా అంత సన్నటి తీగలు రెండు, పక్కపక్కన, కుట్టుపని చేసే మనిషి గీసుకున్న గీతల్లా. అక్కణ్ణుంచి చర్మం కిందుగా నడుం దాకా వచ్చి, అగ్గిపెట్టె కన్నా చిన్న బ్యాటరీలో కలుస్తాయి. కాలి నుంచి మెదడుకు పోయే నొప్పి కబురును దారిలోనే ఆ చిన్న కరెంటు గలగలలతో ముంచేస్తుంది. అంతే. చెబితే ఇంతే. ఆ తీగ వేలెడంత జారిందా, గలగల పొట్టలోకి పోతుంది, పక్కటెముకల్లోకి పోతుంది, కాలి నొప్పి మాత్రం కాలిలోనే కూచుంటుంది. నెలలు గడిస్తే తీగ చుట్టూ కండ పట్టేస్తుంది, మరి అంత తేలిగ్గా జారదు, ఈ మాట తనే ఊరూరా తిరిగి డాక్టర్లకు పాఠంగా చెబుతుంది. అరేలిస్‌కు పెట్టి ఏడాది దాటింది. మరి ఈ సగం దారి షరతు ఎవరు పెట్టారు, ఏ పుస్తకంలో ఉంది? ఏ పుస్తకంలోనూ లేదు. అది వైద్యం కాదు, తన భయం. భయానికి తెల్లకోటు తొడిగి పంపింది.

తెల్లకోటు అంటే నాన్న తెల్లచొక్కా గుర్తొస్తుంది. నదిలో పడవల్ని లాగే టగ్గుల మీద మెకానిక్కు నాన్న. ఒక వానాకాలం ఛాతీ మీద సర్పి లేచింది, పొక్కులు మానిపోయాయి, నొప్పి మానలేదు. చొక్కా గుడ్డ తగిలితే చాలు, మండుతున్న కర్రతో గీరినట్టు ఉండేది. అందుకని చొక్కా మానేశాడు. పనికి చొక్కా లేకుండానే పోయేవాడు, చర్చికి వెళ్ళడం అసలే మానేశాడు, చుట్టాలొస్తే పెరట్లోకి పోయి కూచునేవాడు. వీధిలో వాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు, కాంతీయో గారికి ఒళ్ళు చూపించుకోవాలని ఉబలాటం అని. గాయం లేదు, రక్తం లేదు, జ్వరం లేదు. ఇక నమ్మేదెవరు? డాక్టరు కూడా నమ్మలేదు. అమ్మ కొన్నాళ్ళు నమ్మి, తర్వాత విసిగిపోయింది. నమ్మింది ఈ పిన్ని ఒక్కతే. తడి అరిటాకు తెచ్చి, "ఇదైతే తగులుతుందా బావా? పోనీ ఇక్కడ?" అని అడిగి అడిగి, ఏ చోట ఆకు తగిలినా ఓర్చుకోగలడో, ఏ చోట గాలి తగిలినా కేక వేస్తాడో కనిపెట్టింది. పన్నెండేళ్ళ నెరెయిదా పక్కన నిలబడి చూసింది. నొప్పికి ఒక ఆకారం ఉంటుందని, దానికి అంచులుంటాయని, ఓపిగ్గా అడిగితే అవి దొరుకుతాయని అప్పుడు తెలిసింది. చాలా ఏళ్ళ తర్వాత, మత్తుమందు డాక్టరుగా చదువు ముగించిన కొత్తలో, పక్కటెముకల నరాలకు తనే సూది మందు ఇచ్చింది. నాన్న కాసేపు అలాగే పడుకుని, లేచి, "ఒసేయ్, చొక్కా ఉందా ఇంట్లో?" అన్నాడు. అమ్మ పెట్టె అడుగునుంచి పెళ్ళినాటి తెల్లచొక్కా తీసింది. అది వేసుకుని, గుండీలన్నీ గొంతుదాకా పెట్టుకుని, ఆ ఎండలో వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచాడు. ఊరికే నడిచాడు. చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది, ఆ అంటుకోవడమే ఆయనకు పండగ.

డోళ్ళు. కాదు, ఇవి ఇత్తడి బాకాలు, వేరే బృందం. బొంగురు బాకా ఊదేవాడి బుగ్గలు చూస్తే పిన్ని పొట్లంలో ఉండల్లా ఉన్నాయి.

ఆ చొక్కా చూశాక మరొక పని చేయబుద్ధి కాలేదు. పెద్ద ప్రొఫెసర్లు నవ్వారు. నొప్పి రోగం కాదమ్మా, రోగం కొట్టే తలుపు చప్పుడు అన్నాడు ఒకాయన. తలుపు తీసి రోగాన్ని పంపేశాక కూడా చప్పుడు ఆగకపోతే, సార్? ఆయన గడియారం చూసుకున్నాడు. ఆస్పత్రి అడుగు అంతస్తులో, బట్టలుతికే గది పక్కన ఒక గది ఇచ్చారు. రోజంతా యంత్రాల గుడగుడ, సబ్బు వాసన, గోడలకు ఆవిరి. పైవాళ్ళు తన గదికి మంత్రగత్తె గది అని పేరు పెట్టారు, ఎందుకంటే ఏ మందుకూ లొంగని వాళ్ళని అక్కడికే పంపేవారు. మొదట్లో ఏడుపొచ్చింది. తర్వాత ఒక పొరకచీపురు తెచ్చి తలుపు బయట వేలాడదీసింది. అప్పణ్ణుంచి పేషంట్లు లోపలికి వస్తూనే నవ్వేవారు. నెలల తరబడి నవ్వని మొహాలు అవి. చీపురు చేసిన వైద్యం తక్కువేం కాదు.

బ్యూనస్ ఎయిర్స్‌లో ఈ తీగల పని నేర్చుకోవడానికి వెళ్ళిన ఏడాది ఎంత చలి. చలికోటు పక్కగదిలోని స్పెయిన్ పిల్ల దగ్గర అరువు. అక్కడ మొదటిసారి చూసింది, బల్లమీద బోర్లా పడుకున్న ముసలావిడ, వీపులో తీగ, డాక్టరు మీట తిప్పుతుంటే ఆవిడ మత్తులోంచి మేలుకుని, "వాన! నా పాదం మీద వాన పడుతోంది!" అని అరిచింది. ఏ సినిమాలో చూసినదీ ఏ పాటలో విన్నదీ ఆ మాటకు సాటి రాలేదు. ఆ వానను బరాంకీయాకు తీసుకెళ్ళాలి అనుకుంది. అక్కడ నిజం వాన పడితే వీధులు ఏరులై కార్లను లాక్కుపోతాయి, ఈ వాన అయితే ఎవరికీ చెరుపు చెయ్యదు.

చెరుపు చెయ్యదని అప్పుడు అనుకుంది. విల్మెర్‌కు చేసింది. కరెంటు స్తంభాలెక్కే పని అతనిది, పడ్డాడు. పరీక్షకు పెట్టిన తీగలు బ్రహ్మాండంగా పనిచేశాయి, అసలుది పెట్టాక బ్యాటరీ చోటు చీము పట్టింది, మొత్తం తీసెయ్యాల్సి వచ్చింది. తీసేశాక అతను మంచం మీద కూచుని, "సరే డాక్టరమ్మా, ఇక ఏం చేద్దాం?" అన్నాడు. తిట్టి ఉంటే బావుండేది. ఏం చేద్దాం అని ఇద్దరూ కూచుని ఆలోచించారు. కొన్ని మాత్రలు, కొంత ఈత, కొంత వాళ్ళావిడతో పోట్లాడటం తగ్గించుకోవడం. నొప్పి అంతే ఉంది, మనిషి దానికన్నా పెద్దయ్యాడు. ఇప్పుడు సముద్రం ఒడ్డున పిల్లలకు ఈత నేర్పుతున్నాడు, మామిడిపళ్ళ కాలం వచ్చిందంటే సంచి మోసుకుని మంత్రగత్తె గదికి వస్తాడు. ఇక భూగోళం మాస్టారు దోన్ సిల్వియో. కడుపులో కాన్సరు, ఎంత మార్ఫిన్ ఇచ్చినా నిద్రే తప్ప నొప్పి పోదు. పొట్ట చర్మం కింద చిన్న పంపు పెట్టి, సన్నగొట్టం వెన్నులోకి పంపితే, చుక్కలో చుక్కంత మందు నేరుగా చేరేది. మాస్టారు నిద్రలేచారు. లేచి కళ్ళజోడు అడిగారు. పోయే ముందు వారం దాకా వీధి అరుగు మీద డామినో ఆడుతూ, ఎదుటివాడు దొంగాట ఆడుతున్నాడని కేకలేస్తూనే ఉన్నారట. ఆయన కూతురు వచ్చి చెప్పింది, "నాన్న పోట్లాడుతూ పోయారు డాక్టరమ్మా, ఎంత బాగా పోట్లాడారో!" అని. ఇద్దరూ కావలించుకుని ఏడుస్తూ నవ్వారు.

"ఏమైందేమిటి అక్కడ?" అంది పిన్ని, కుర్చీలోంచి లేవబోతూ. దారి ఖాళీగా ఉంది. బాకాల వాళ్ళు వెళ్ళిపోయారు, వెనక ఇంకెవరూ రావడం లేదు. ఎండ ఒక్కటే ఊరేగుతోంది. చొక్కా అంతా రంగు మరకలున్న ఒకాయన కమ్మీ పక్కనుంచి గబగబా వస్తూ అందరికీ చెబుతున్నాడు, "కుంబియా ఆడుతూ ఒకావిడ పడిపోయిందట, స్ట్రెచరు తెస్తున్నారు, అందుకే ఆగిపోయింది." "ఏ బృందం అయ్యా?" నెరెయిదా అడిగింది. "ఏమో తల్లీ, తెల్ల గళ్ళ పావడా అన్నారు." కుంబియా ఆడే సగంమందివి తెల్ల గళ్ళ పావడాలే. అరేలిస్ పావడా తెలుపూ ఎరుపూ గళ్ళు, తనే కుట్టుకుంది. మిషను తొక్కి కుట్టుకుంది, ఎడమ కాలితో తొక్కి. అది చూపించడానికే ఆస్పత్రికి తెచ్చి గదంతా పరిచింది. నెరెయిదా ఫెర్మిన్‌కు ఫోన్ చేసింది. మోగుతోంది. చేతిలో డోలు కర్రలున్నవాడు ఫోనెలా ఎత్తుతాడు. మళ్ళీ చేసింది. కమ్మీ కింద దూరి ఎదురు వెళ్దామా? రక్షక దళం కుర్రాళ్ళు అడ్డంగా నిలబడి ఉన్నారు. సగం దారి కూడా ఎక్కువే అనాల్సింది. అసలు వద్దనాల్సింది. లేదు, వద్దనలేదు, ఎందుకంటే—

ఎందుకంటే మొదటిరోజు ఆవిడ కూచోలేదు. గదిలోకి వచ్చి కొంగలా కుడికాలి మీద నిలబడింది, ఎడమ పాదం నేలకు ఆనీ ఆననట్టు. నలభై దాటి ఉంటాయి, నిటారు మనిషి, మెడ ఇంకా నిటారు. వెనక ఫెర్మిన్ ఆమె చెప్పు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నడుములో బిళ్ళ జారితే ఆపరేషన్ చేశారు, ఆపరేషన్ బాగానే అయింది, నొప్పి మిగిలింది. "పదికి ఎంత ఉంటుందమ్మా నొప్పి?" అని అందరినీ అడిగే ప్రశ్న అడిగింది నెరెయిదా. "పదికా? నాకు లెక్కలు రావు డాక్టరమ్మా. నేను బట్టలు కుట్టేదాన్ని, ఇస్త్రీపెట్టె సంగతి తెలుసు. ఎవరో నా పాదం మీద ఇస్త్రీపెట్టె పెట్టి, పక్కింటావిడతో కబుర్లాడటానికి పోయారు. ఏళ్ళైంది, ఇంకా రాలేదు." అలా చెప్పి నవ్వింది. నొప్పిని అంత చక్కగా చెప్పినవాళ్ళు తన సర్వీసులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఆ తర్వాత అడిగిన మాట మాత్రం నవ్వుతూ అడగలేదు. "నేను మళ్ళీ ఆడతానా?" ఫెర్మిన్ చెప్పు వంక చూసుకుంటున్నాడు. నెరెయిదా ఎవరికీ ఇవ్వని మాట అది. నడుస్తారు అనదు, ఆడతారు అనదు. "సగం నొప్పి తగ్గితే నా పని బాగా జరిగినట్టు. సగం వరకే నాది పూచీ" అంది. "సగమా? ఏ సగం ఉంచుతారు, పగటిదా రాత్రిదా?" అంది అరేలిస్.

మొదటిసారి పెట్టిన తీగలు ఓడిపోయాయి. గలగల అంతా పొట్టలోకి పోయింది, వారం రోజులు కడుపులో కప్పలు దూకుతున్నట్టు ఉందని నవ్వుతూనే చెప్పింది గానీ, తీగలు తీసేసిన రోజు ఇంటికి వెళ్ళే ముందు బట్టలుతికే గది గుమ్మంలో నిలబడి, యంత్రాల చప్పుడులో ఎవరికీ వినబడదని ఏడ్చింది. నెరెయిదా విన్నది. వినడమే కదా తన ఉద్యోగం. ఆ వారమంతా ఆమె ఫిల్ములు గోడకు తగిలించుకుని చూసింది, పాత ఆపరేషన్ మచ్చ ఒక పక్కకు లాగుతోంది, కింద నుంచి కాదు, ఇంకో ఎముక పైనుంచి దూరితే? ఫోన్ చేసింది. "ఇంకొక్కసారి చూద్దామా?" అవతల రేడియో కట్టేసిన చప్పుడు. తర్వాత, "చీపురు ఇంకా వేలాడుతోందా డాక్టరమ్మా?" అంది. "వేలాడుతోంది." "అయితే వస్తున్నా."

ఆ రోజు థియేటర్లో ఆమె బోర్లా పడుకుని ఉంది, తన చేతివేళ్ళ చివర తీగ, ఎదురుగా తెరమీద ఆమె వెన్ను బూడిదరంగు మెట్ల వరసలా. మత్తు తగ్గించి లేపారు. "అరేలిస్, వినబడుతోందా? ఎక్కడ తిమ్మిరిగా ఉందో చెప్పాలి." "ఊఁ... తుంటి దగ్గర." మీట కొంచెం. "ఇప్పుడు?" "తొడ." తీగ వెంట్రుకంత పైకి. "పిక్క... ఇంకా కిందకి తొయ్యండి డాక్టరమ్మా, మూలకి, మూలకి, చీపురుతో తోసినట్టు." నర్సు ముసిముసిగా నవ్వుతోంది. ఇంకొంచెం. "అరేలిస్?" "ఉష్... ఆగండి." తీగను అక్కడే ఆపి పట్టుకుంది నెరెయిదా. "ఆవిడ వచ్చింది." "ఎవరు?" "కబుర్లకు పోయినావిడ. ఇస్త్రీపెట్టె తీసేసింది." తర్వాత, "పాదంలో ఎవరో చిన్న డోలు వాయిస్తున్నారు డాక్టరమ్మా, ఎంత మెల్లిగా వాయిస్తున్నారో." నెరెయిదా ముసుగు తడిసిపోయింది. తుడుచుకోవడానికి లేదు, చేతుల్లో ఆ తీగ ఉంది, ప్రపంచంలో అంతకన్నా కదపకూడనిది ఇంకేదీ లేదు.

అలాంటి మనిషికి వద్దని ఎలా చెప్పడం. అయినా చెప్పింది, నెల నెలా చెబుతూనే వచ్చింది. వంగకు, మెలి తిరగకు, ఎగరకు. చివరికి ఈ జనవరిలో అరేలిస్ ఆస్పత్రి వరండాలోనే, నీళ్ళగ్లాసు నెత్తిన పెట్టుకుని, పేషంట్లందరి ముందూ ఆడి చూపించింది. "చూడండి, ఎగిరానా? వంగానా? కుంబియాలో ఆడదాని పాదం నేలను వదలదు డాక్టరమ్మా, నడుం పైన రాణి, నడుం కింద నది. నీళ్ళు తొణికితే చెప్పండి, ఇంట్లో కూచుంటా." ఫెర్మిన్ కుర్చీ వీపు మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. చేతికర్రల వాళ్ళు, నడుంపట్టీల వాళ్ళు, మెడపట్టీల వాళ్ళు అందరూ చప్పట్లు. నీళ్ళు తొణకలేదు. సగం దారి వరకే, అంది నెరెయిదా. ఎక్కడికి పోయినా సగమే పట్టుకెళ్ళే మనిషి తను.

"లేచిందట, లేచిందట!" రంగు మరకల ఆయనే మళ్ళీ వెనక్కి వస్తున్నాడు. "నారింజ పావడాల బృందంలో పిల్లట, పొద్దున్నుంచీ ఏమీ తినలేదట, కొబ్బరినీళ్ళు తాగి మళ్ళీ ఆడతానని గొడవ చేస్తోందట." "మరి తెల్ల గళ్ళన్నావు కదయ్యా!" అని అరిచింది పిన్ని, "నా పిల్ల గుండె ఆగిపోయేది నీ వల్ల! ఇలా రా, ఇది తిను, నోరు ఖాళీగా ఉంచకు!" అని అతని నోట్లో మాంసపు ఉండ కుక్కింది. నెరెయిదా అప్పుడు గానీ కమ్మీ వదల్లేదు, ఆపద పోయాక. నవ్వు వచ్చింది, ఆగలేదు. పక్కనెవరో ముక్కూమొహం తెలియనావిడ తన భుజం పట్టుకుని తనూ నవ్వుతోంది, ఎందుకో తెలియకుండానే.

ఇదిగో. పిల్లంగోవి. ముందు అది, సన్నగా, ముక్కుతో పాడినట్టు. దాని వెనక గిలకల చప్పుడు, దాని వెనక డోళ్ళు, చిన్నవి మాట్లాడుతూ, పెద్దది ఔనంటూ. పెద్దది ఫెర్మిన్‌దే, ఆ మోత తనకు వరండా కుర్చీ మీద విన్నప్పటి నుంచి తెలుసు. గుండెకు బదులు అదే కొట్టుకుంటోంది లోపల. మలుపు తిరిగారు. తెల్ల టోపీల మగవాళ్ళు, మెడలో ఎర్ర రుమాళ్ళు. మధ్యలో గళ్ళ పావడాలు నదిలా వెడల్పుగా. రెండో వరసలో చెవి పక్కన ఎర్ర మందారంతో, కుడిచేతిలో కుంబియా వాడుక ప్రకారం వెలిగించి పైకెత్తిన కొవ్వొత్తుల కట్టతో, గడ్డం ఎత్తుకుని, ఎవరికీ బాకీ లేని దానిలా అరేలిస్. మొహం చూడలేదు నెరెయిదా. పాదం చూసింది. ఎడమది. నేలను రుద్దుకుంటూ ముందుకు జరిగింది. బరువంతా ఆనింది. ఆని ఉంది. కుడిదాని వంతు వచ్చేదాకా ఆని ఉంది, తొందర లేకుండా. మళ్ళీ జరిగింది. కాలే తారు రోడ్డు మీద చెప్పులు లేని పాదం. ఒకప్పుడు దుప్పటి అంచు తగిలితే ఒంటికాలి మీద లేచి నిలబడిన పాదం. నాన్నా, చూశావా.

పిండిమిల్లు గోడ. సందులోంచి మరిది చెయ్యి ఊపుతున్నాడు, కారు తలుపు తీసి పెట్టాడు. అరేలిస్ గోడవైపు తిరిగింది. అబ్బ, మాట నిలబెట్టుకుంటోంది, అనుకుంది నెరెయిదా, మనసులో ఎక్కడో చిన్నగా ఉసూరుమంటూ. కాదు, అది ఆటలో మలుపు. పావడా పూర్తిగా విచ్చుకుంది, జతగాడు టోపీ ఆమె తలమీద పెట్టబోయాడు, ఆమె కొవ్వొత్తులు అడ్డం పెట్టి తప్పించుకుంది, గోడ దాటిపోయింది. మరిది ఊపే చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. డోలు మోస్తూ దగ్గరికొచ్చిన ఫెర్మిన్ డాక్టరును చూసి, భుజాలెగరేసి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. ఇందుకా ఆ రోజు కళ్ళు నవ్వాయి, దొంగవెధవ!

"పోవే, నిలబడతావేం, నీ పేషంటు పారిపోతోంది!" అని వెనకనుంచి గొడుగు మొనతో పొడిచింది పిన్ని. నెరెయిదా కమ్మీ కింద దూరింది. రక్షక దళం కుర్రాడు "అమ్మగారూ, అమ్మగారూ" అంటూ వెంటపడ్డాడు. అరవై ఏళ్ళ మనిషి, మొహం నిండా పిండి, ఒక చెప్పు ఊడిపోతుంటే కాలికి తగిలించుకుంటూ పావడాల మధ్య పరుగు. కొవ్వొత్తుల మైనం మోచేతి మీద పడింది. "అరేలిస్! సగం అయిపోయింది! అరేలిస్!" పిల్లంగోవి మాట మింగేసింది. ఇంకా దగ్గరికి వెళ్ళింది, పావడా అంచు మొహానికి కొట్టుకునేంత దగ్గరికి. ఆయాసం, నవ్వు కలిసిపోయి మాట రావడం లేదు. పదికి ఎంత అని అడగబోయింది, నోరు వేరే మాట అన్నది.

"కాలు ఎలా ఉంది?"

అరేలిస్ ఆట ఆపలేదు. నిటారు మెడ అలాగే ఉంచి, మొహం మాత్రం ఇటు తిప్పింది. చెమటతో మెరిసిపోతున్న మొహం. ఎవరీవిడ అన్నట్టు ఒక్క క్షణం చూసింది, డాక్టరును గుర్తుపట్టింది, పెదాలు విచ్చుకున్నాయి, ప్రశ్న మాత్రం ఆమెకు అందలేదు. కనుబొమలు దగ్గరికి లాక్కుని, పక్కింటావిడ ఏదో పేరు చెబితే ఆ పేరు గలవాళ్ళెవరా అని వెతుక్కునే మనిషిలా, నిజంగానే ఆలోచించింది.

"ఏ కాలు, డాక్టరమ్మా?"